ఎవ్వరం తియ్యని ట్రే

మా మేనత్త వనపర్తి నుంచి వచ్చింది. బస్సు దిగి, ఎండలో నడుచుకుంట నల్లగొండలో మా ఇంటికి చేరేసరికి పగలు రెండయింది. కాళ్లు కడుక్కొని, ఎప్పటిలెక్కనే నేరుగా వంటింట్లోకి పోయి, సల్లటి నీళ్ల కోసం ఫ్రిజ్ తలుపు తీసింది. తీసిన చెయ్యి తీసినట్టే ఆగింది. కొంగు ముక్కు మీదికి పోయింది. తలుపు మెల్లగ మూసి, పక్కన బిందెలో నీళ్లు ముంచుకొని తాగింది. మా వదిన చాయ్ పెట్టబోతే "ఇప్పుడొద్దు బిడ్డా, కడుపు నిండ ఉన్నది" అన్నది. పాలు ఆ ఫ్రిజ్‌లోవే అని ఆమెకు తెలుసు.

ఆమె ఒక్క మాట అనలేదు. పొద్దు గూకకముందే లేచిపోయింది. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ చాయ్ తాగకుండ గడప దాటడం మా ఇంట్లో అంతకుముందు ఎన్నడూ లేదు.

అప్పటికి ఆ వాసన మొదలై పదహారు రోజులు. ఇంట్లో పదకొండు మందిమి ఉన్నం. ముగ్గురం అన్నదమ్ములం, మా భార్యలు, అమ్మ, పిల్లలు. వాసన ఉన్నదని మొదటి వారం అందరికీ తెలుసు. రెండో వారానికి అది మాకు సగం తెలుస్తలేదు. ముక్కుకు ఆ గుణం ఉన్నది. ఒకే వాసనలో ఎక్కువసేపు ఉంటే దాన్ని పట్టించుకోవడం మానేస్తది. బయటినుంచి వచ్చిన మనిషికి తలుపు తియ్యంగనే కొట్టిన కంపు, ఇంట్లో ఉన్న మాకు ఇంటి వాసన అయిపోయింది. తప్పు ఒప్పుకుందామనే ఇది రాస్తున్న. ఆ కంపు ఎట్ల పోయిందో కూడ చెప్త. కాని అది ఎట్ల వచ్చిందో, ఎందుకు అన్ని రోజులు ఉన్నదో ముందు చెప్పాలె.

మా ఊరు దేవరకొండ దిక్కు. దసరాకు అందరం ఊరికి పోయినం. యాటను కోసి పోగులు వేస్తే మా వంతుకొచ్చిన మాంసంలో రెండు కిలోలు వెంట తెచ్చుకున్నం. అదే రోజు మా బావమరిది జూరాల చేపలు పంపిండు. ఇంట్లో పండుగ కూరలు ఇంకా మిగిలే ఉన్నయి. అన్నీ తెచ్చి ఫ్రిజ్‌లో కుక్కినం. మాంసం, చేపలు పల్చటి పాలిథిన్ కవర్లలో కట్టి పై గూట్లో పెట్టినం. మర్నాడు నా భార్య తరఫు పెండ్లికి కల్వకుర్తికి అందరం బయలుదేరినం. ఉరుములు, మెరుపులు. ఆఖరికి ఇల్లు తాళం వేసిన తమ్ముడు భద్రం కోసమని మెయిన్ బందు చేసిండు. ఫ్రిజ్ ఖాళీ చేసే ఉంటరని వాడు అనుకున్నడు. మెయిన్ ఎవరూ బందు చెయ్యరని మేం అనుకున్నం. ఒకర్నొకరం అడగలేదు. నాలుగు రోజులకు తిరిగొచ్చినం.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండ ఉంచితే ఫ్రిజ్ కింది భాగం నాలుగు గంటల దాకా చల్లదనం నిలుపుతది. నిండుగ గడ్డకట్టిన ఫ్రీజర్ అయితే రెండు రోజులు, సగం నిండినదైతే ఒక రోజు. నాలుగు రోజులంటే అది చలిపెట్టె కాదు, గాలాడని ఇనుప పెట్టె. తలుపు తియ్యంగనే వచ్చిన కంపుకు పిల్లలు వాకిట్లోకి ఉరికిండ్రు. పై గూట్లోంచి ఎర్రటి నీళ్లు కారి, గాజు పలకల అంచుల మీద ఎండి, కూరగాయల డబ్బాలో నిలిచి ఉన్నయి.

ఆ రాత్రి మేం చేసిన పని వరుసగ చెప్త. కుళ్లిన మాంసాన్ని సంచిలో కట్టి గల్లీ మొగదాల పారేసినం. తెల్లారేసరికి కుక్కలు దాన్ని వాడకట్టంతా లాగినయి. అది మా మొదటి తప్పు. మా వదిన, మరదలు, నా భార్య రాత్రి ఒంటిగంట దాకా లోపల కడిగిండ్రు. మేం ముగ్గురం కుర్చీల్లో కూసొని ఏం చెయ్యాలనో చెప్పినం. కంపు ఇంకా వస్తున్నదని మా అన్న నీళ్లలో ఫినాయిల్ కలిపి తెచ్చి పోసిండు. తినేవి పెట్టేచోట ఫినాయిల్ పొయ్యొద్దు. ఆ ఘాటు ప్లాస్టిక్‌కు పట్టి పెరుగులో కూడ తేలింది. మర్నాటి నుంచి చిట్కాలు మొదలైనయి. నిమ్మచెక్కలు పెట్టినం. కాఫీ పొడి పెట్టినం. ఫ్రిజ్ మీద ఊదుబత్తి ముట్టించినం. తినే సోడా గిన్నెలో పోసి పెట్టినం. ఒక్కోటి ఒక్క పూట పనిచేసినట్టు అనిపించేది. తెల్లారి మళ్లీ అదే కంపు.

వీటిలో ఏదీ అబద్ధపు చిట్కా కాదు. ఏది దేనికి పనిచేస్తదో మాకు తెల్వదు, అంతే. చేపల నీచు వాసన క్షార గుణం ఉన్న పదార్థాలది. అందుకే దాన్ని నిమ్మరసం, వెనిగర్ విరుస్తయి. చేప ముక్కలకు నిమ్మకాయో చింతపండో రాసి కడిగిన మన ముసలమ్మలకు ఆ సంగతి చేతిల ఉన్నది. విరిగిన పాలు, పులిసిన పప్పు వాసన ఆమ్లాలది. దానికి సోడా. బొగ్గుకు సన్న సన్న రంధ్రాలుంటయి, ఏ వాసననైనా కొంత పట్టి ఉంచుతది. ఫ్రిజ్‌లో సోడా పెట్టె పెట్టుకోండని అమెరికాలో ఆర్మ్ అండ్ హ్యామర్ కంపెనీ 1972లో ప్రచారం మొదలుపెట్టింది. ఆ అలవాటే ఊరూరు తిరిగి మన వంటింటి దాకా వచ్చింది. అయితే సోడా, నిమ్మ, బొగ్గు అన్నీ గాలిలోకి వచ్చిన వాసన మీదనే పనిచేస్తయి. కుళ్లు ఎక్కడున్నదో అవి వెతకవు. అది మనం వెతకాలె. మేం వెతకలేదు.

వెతికే బదులు ఏం చేసినం? తప్పు ఎవరిదో తేల్చుకునే పనిలో పడ్డం. వదిన సరిగ కడగలేదని మరదలు లోలోపల అన్నది. మెయిన్ బందు చేసినోణ్ణి వదిలేసి నన్నంటరేందని వదిన ఏడ్చింది. ఆడోళ్లు ఇంతమంది ఉండి ఒక ఫ్రిజ్ చూసుకోలేరా అని మా అన్న గట్టిగ అన్నడు. ఆ మాట తప్పని నాకు తెలుసు. అయినా నేను నోరు తెరవలేదు. పొద్దున లేస్తే ఆ ఫ్రిజ్ తలుపు ఎక్కువసార్లు తీసేది మేమే. నీళ్ల సీసా తీసి, తాగి, ఖాళీ సీసా మళ్లీ అక్కడ్నే పెట్టేది మేమే. తీసుకునేటప్పుడు అది ఇంటి ఫ్రిజ్, కడిగేటప్పుడు ఆడోళ్ల ఫ్రిజ్. ఏండ్ల తరబడి ఇంతే. ఇంత మామూలుగ నడిచింది కాబట్టే మాకు అది అన్యాయంగ కనపడలేదు.

ఇంకో మాట చెప్పాలె. ఇది చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గుగ ఉన్నది. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె ఐదో రోజో ఆరో రోజో నాతోనే చెప్పింది. నేను వరండాలో పేపర్ చదువుతున్న. "సారూ, ఆ వాసన లోపలికెళ్లి కాదు. ఎనకకెళ్లి వస్తున్నట్టుంది" అన్నది. ఆమె రోజూ ఫ్రిజ్ పక్కనే నేల మీద కూసొని పోతుపెట్టి తుడుస్తది. ముక్కు ఆ ఎత్తులో ఉంటది. నేను పేపర్లోంచి తలెత్తకుండనే "సరే, చూద్దాం" అన్న. చూడలేదు. ఎవరికీ చెప్పలేదు. మేనత్త చాయ్ తాగకుండ పోయిన తర్వాత గాని మెకానిక్‌ను పిలవలేదు.

గడియారం సెంటర్ దిక్కు నుంచి ఒక పిల్లగాడు వచ్చిండు. ఇరవై రెండు, ఇరవై మూడేండ్లు ఉంటయి. తలుపు తీసి ఒక్కసారి ఊపిరి పీల్చిండు. లోపల చెయ్యి కూడ పెట్టలేదు. ఫ్రిజ్‌ను గోడ నుంచి ముందుకు జరిపి వెనక్కి పోయి వంగిండు. కింద కంప్రెసర్ మీద ఒక నల్లటి ప్లాస్టిక్ ట్రే ఉన్నది. రెండు చేతులతో, తొణకకుండ, మెల్లగ బయటికి లాగిండు. "అన్నా, ఇది ఎప్పుడన్న తీసిండ్రా?" అని అడిగిండు.

పదకొండేండ్లయింది మేం ఆ ఫ్రిజ్ కొని. అక్కడ అట్లాంటి ట్రే ఒకటి ఉంటదని మా పదకొండు మందిలో ఒక్కరికీ తెల్వదు.

అందులో రెండు వేళ్ల లోతు నీళ్లు. చాయ్ డికాక్షన్ రంగు. మీద తెట్టె కట్టింది. అంచుల పొంటి నల్లగ జిగురు. ఆ నీళ్లలో సన్నటి పురుగులు వంకర్లు తిరుగుతున్నయి. దోమ పిల్లలు. పిల్లగాడు ట్రేను వాకిట్లోకి తీసుకపోయి వెలుతుర్ల పెట్టి చూపెట్టిండు. మా తమ్ముని బిడ్డకు ఆ వానకాలంలోనే డెంగీ వచ్చింది. వారం రోజులు దవాఖానలో ఉంచినం. అప్పుడు మునిసిపాలిటీ మీద, పక్కింటి ఖాళీ జాగ మీద కోపం చేసినం. ఆ దోమ ఎక్కడిదో నేను చెప్పలేను. కాని దోమ పెరగడానికి కావలసిన నిలవ నీళ్లు మా వంటింట్లోనే ఉన్నయి. డెంగీ దోమ ఇట్లాంటి ఇంటి నీళ్లలోనే గుడ్లు పెడతది. వారం పది రోజులలో దోమయి లేస్తది. అందుకే ఆరోగ్యశాఖ వాళ్లు వారానికో రోజు డ్రై డే పాటించుమంటరు, కూలర్లు, పూలకుండీలతో పాటు ఫ్రిజ్ వెనక ట్రే కూడ వంపెయ్యమంటరు. ఆశా కార్యకర్త వచ్చి చెప్పినప్పుడు మేం గేటు కాడనే తలూపి పంపించినం.

సంగతి ఏందంటే, ఫ్రీజర్‌లో మంచు కరిగితే ఆ నీళ్లు లోపలి చిన్న రంధ్రం నుంచి పైపుల పోయి ఆ ట్రేలో పడతయి. కంప్రెసర్ వేడికి ఆవిరైతయి. మా ఇంట్లో మంచుతో పాటు మాంసం నెత్తురు, చేపల నీళ్లు కూడ ఆ దారినే పోయినయి. చలిలో ఉన్న కుళ్లు తక్కువ వాసన కొడతది. వేడి తగిలిన కుళ్లు ఎక్కువ కొడతది. లోపల ఎంత కడిగినా, ఆ పైపు ద్వారానే వాసన మళ్లీ లోపలికి చేరుతున్నది. మేం పదహారు రోజులు ఇంటి ముందర ఊకుతూ కూసున్నం. పెరడు వైపు ఎవ్వరం పోలేదు.

ఆ పిల్లగాడు చెప్పిన వరుస ఇది. ముందు ప్లగ్గు తియ్యాలె. లోపలున్నవన్నీ బయట పెట్టి, అనుమానం ఉన్నది ఏదైనా పారెయ్యాలె. పలకలు, డబ్బాలు బయటికి తీసి గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టాలె. గాజు పలకలను ఫ్రిజ్ చల్లగ ఉన్నప్పుడే వేడి నీళ్లలో ముంచొద్దు, పగులుతయి. లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు పెద్ద చెంచాల తినే సోడా కలిపి లోపలి గోడలు, పైకప్పు తుడవాలె. తలుపు రబ్బరు మడతలు పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలె. మా రబ్బరు మడతల్లో నల్లటి బూజు ఎంత వచ్చిందో చూసినం. నీళ్లు పోయే రంధ్రంలో సోడా నీళ్లు సిరంజితో పోసి, అవి కిందికి తేటగ వచ్చేదాకా కడగాలె. ట్రేను కడిగి ఎండబెట్టాలె. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు తలుపు తెరిచే ఉంచాలె. ఇంకా వాసన ఉంటే పాత పేపర్లు ఉండలు చుట్టి గూళ్లన్నీ నింపి, తలుపు మూసి, ఐదారు రోజులు ఉంచాలె. అన్నీ అయినంక, ఆఖర్న, గిన్నెలో బొగ్గో సోడానో పెట్టాలె. మేం ఆఖరి పనిని మొదలు చేసినం. నెత్తురు నీళ్లు గోడ లోపలి ఫోమ్ దాకా దిగితే ఇంక ఏ మందూ పనిచెయ్యదు, ఫ్రిజ్ మార్చుకోవాల్సిందే అని కూడ చెప్పిండు. మా అదృష్టం, అంత దూరం పోలేదు. ఇరవై మూడో రోజుకు వాసన పోయింది.

వాసన పోయింది గాని నా మనసు కుదుటపడలేదు. మాది నల్లగొండ జిల్లా, నా భార్యది పాలమూరు. చెల్కలు, కరువు, వలస చూసిన రెండు జిల్లాలు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా, జొన్నరొట్టెలు మూటగట్టుకొని పోయిన పాలమూరు లేబర్ చెయ్యి ఉన్నదని మనం గర్వంగ చెప్పుకుంటం. ఆ ఇండ్లల్లో మిగులు అనే మాటే తక్కువ. మిగిలినదానికి మాత్రం లెక్క ఉండేది. మా నాయినమ్మ వంటింటి మూలన కూరాడు కుండ ఉండేది. దాని దగ్గరికి ఎంగిలి చెయ్యి పోనిచ్చేది కాదు. రాత్రి మిగిలిన అన్నం తెల్లారి సద్ది అయ్యేది, పొద్దెక్కకముందే కడుపులోకి పోయేది. పాలు, పెరుగు ఉట్టి మీద. యాట తునకలు మిగిలితే ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెట్టి వట్టి తునకలు చేసేది. ఏది ఎంతసేపు ఆగుతదో ఆమెకు తెలుసు. సద్ది తిన్న రేవు తలవాలె అన్న సామెత పుట్టిన ఇండ్లు ఇవి. చలిపెట్టె లేదు కాబట్టి ప్రతి గిన్నెకూ ఒక గడువు ఉండేది, ఆ గడువు చూసే ఒక మనిషి ఉండేది.

ఫ్రిజ్ వచ్చి ఆ గడువును కనపడకుండ చేసింది. హైదరాబాద్‌లో 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్ ఒకప్పుడు మన దగ్గర పెద్ద ఇండ్లల్లోనే ఉండేది. ఇప్పుడు తండాల్లోనూ ఫ్రిజ్ ఉన్నది. అది మంచిదే. ఎండకాలం 44, 45 డిగ్రీలు కాసే మన జిల్లాల్లో పసిపిల్లల పాలకు, షుగర్ ఉన్నోళ్ల ఇన్సులిన్‌కు అది ప్రాణం. కాని చలి కుళ్లును ఆపుతదని మనం నమ్మినం. చలి దాన్ని మెల్లగ నడిపిస్తది, అంతే. లిస్టీరియా లాంటి సూక్ష్మజీవి నాలుగు డిగ్రీల చలిలో కూడ పెరుగుతది. పారెయ్యడానికి మనసు రాదు, తినడానికి నోరు రాదు. ఆ రెంటి నడుమ ఉన్నదంతా మూతపెట్టి లోపలికి తోస్తం. మన కరువు తాతలు నేర్పిన భయంతో దాస్తం. వాళ్లు నేర్పిన లెక్క మాత్రం మర్చిపోయినం.

దాచి దాచి ఏం చేసినం? నాలుగో రోజు, ఐదో రోజు, మా పిల్లలకు పెట్టడానికి మాకు ధైర్యం చాలని కూరను, గిన్నెలు తోమే ఆమెకు కవర్లో కట్టి ఇచ్చినం. ఇచ్చినమని లోపల సంతోషపడ్డం. వండిన రోజు ఒక గిన్నె తీసి ఇయ్యడానికి చెయ్యి రాలేదు. మేం తినమని తెలిసినంక ఇచ్చినం. ఆమె పిల్లల కడుపు వేరే రకం అనుకున్నమా? అట్ల అనుకున్నమని ఎవ్వరం ఒప్పుకోం. కాని మా చేతులు అదే చెప్పినయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయితే, అందులో అరవై శాతం ఇండ్లల్లోనే అయింది. హోటళ్లల్లో కంటే, దుకాణాల్లో కంటే ఇండ్లల్లోనే ఎక్కువ.

2024లో ఆహార భద్రత అధికారులు హైదరాబాద్ హోటళ్లలో ఫ్రిజ్‌లు తెరిచి చూపెడుతుంటే మేం ఫోన్లలో చూసి ఛీ అన్నం. ఆ ఏడాది నవంబర్‌లో నారాయణపేట జిల్లా మాగనూరు బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు దవాఖాన పాలైతే కడుపు మండింది. మండాల్సిందే. మూసీ సంగతీ అంతే. నగరం విడిచిన మురుగు మన జిల్లా పొలాల మీదుగ వాడపల్లి దాకా పారుతుంటే, పైనోళ్లు వదిలింది కిందోళ్లు భరించాలెనా అని ఏండ్లుగ అడుగుతున్నం. అడగాల్సిందే. కాని మా ఇంట్లో పై మనుషులం మేమే. మేం వదిలింది మా వదిన, మరదలు భరించిండ్రు. వాళ్ల తర్వాత గిన్నెలు తోమే ఆమె భరించింది. ఊరిని అడిగిన మాట మా ఇంట్లో మమ్మల్ని మేం ఒక్కరోజు అడుక్కోలేదు.

ఇప్పుడు శుక్రవారం ట్రే తీసే పని నాది. నెలకోసారి గూళ్లు కడిగేది మా అన్న. మెయిన్ ముట్టేముందు ఫ్రిజ్ చూసేది తమ్ముడు. కూర పెట్టిన గిన్నె మీద తేదీ రాసి అంటిస్తున్నరు పిల్లలు. మూడు రోజులు దాటితే ఉంచం. ఇయ్యదలుచుకున్నది వండిన పూటనే, మేం తినకముందే తీసి ఇస్తున్నం. ఇవి గొప్ప పనులు కావు. పదకొండేండ్ల కిందనే చెయ్యాల్సిన పనులు.

మొన్న మేనత్తకు ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పినం. సంక్రాంతికి వస్తనన్నది. గిన్నెలు తోమే ఆమెకు చెప్పడానికి నాకు ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. ఒక పొద్దున ట్రే కడుగుతుంటే ఆమె వచ్చి నిలబడ్డది. "నువ్వు ఆరోజే చెప్పినవమ్మా, నేనే వినలేదు. తప్పయింది" అన్న. ఆమె నా చేతిలోంచి ట్రే తీసుకోబోయింది. ఇయ్యలేదు.

"ఒక్కసారి చెప్పిన గద సారూ," అన్నది. "రెండోసారి చెప్తే బాగుండదని ఊకున్న."